ఊరంతటికీ ఒక్క టెలివిజన్

టెలివిజన్ అనగానే మనకు వినోదమే స్ఫురిస్తుంది. కాని మన పల్లెలకు అది తొలుత ఉపాధ్యాయుని వలె వచ్చినది. 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగాత్మకంగా ఆరంభమైన ప్రసారాలు 1972లో బొంబాయి కేంద్రం ఏర్పడువరకు ఢిల్లీ పరిసరాలను దాటలేదు. నగరాల వంతు ముగియువరకు పల్లెలు వేచియుండనక్కరలేదని, ఉపగ్రహం ద్వారా నేరుగా వాటికే విద్యను అందింపవచ్చునని డాక్టర్ విక్రమ్ సారాభాయి తలపోసినారు. 1971లో ఆయన మరణించినను ఆ సంకల్పం ఆగలేదు.

1975 ఆగస్టు 1న, అమెరికా వారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహం సహాయంతో ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు ప్రసారాలు మొదలైనవి. ఉదయం బాలలకు పాఠాలు. సాయంకాలం పెద్దలకు వ్యవసాయం, ఆరోగ్యం మున్నగు విషయాలు. తెలుగులోను కార్యక్రమాలుండెను.

అప్పుడు మా నాన్నగారు మహబూబ్‌నగర్ జిల్లాలోని ఒక పల్లెలో నాలుగవ తరగతి విద్యార్థి. బడి వరండాలో పెట్టె, బయట తీగవలతో చేసిన పెద్ద గొడుగువంటి ఆంటెన్నా. సేద్యపు కార్యక్రమం ముగియగానే రైతులు పంతులుగారిని చుట్టుముట్టి, "మన చెల్కల ఇది పండుతదా, సారూ?" అని అడిగేవారట. పెట్టె బదులు చెప్పలేదు గనుక ఊరే బదులు వెదకుకొనేది. ఒక్కొక్కనాడు ఆ చర్చ ప్రసారం కంటె ఎక్కువసేపు సాగేదట.

1976 జూలై 31న గడువు ముగిసినది, ఉపగ్రహం తరలిపోయినది. మరునాటి సాయంకాలం కూడా కొందరు వచ్చి ఆ మూగ పెట్టె ముందు కూర్చున్నారని నాన్నగారు చెప్పునప్పుడు వారి కంఠం తగ్గిపోతుంది.

1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం వెలసినది. 1982లో రంగులు వచ్చినవి. నేడు మా ఇంట నలుగురికి నాలుగు తెరలున్నవి. కోరిన విజ్ఞానం క్షణంలో లభిస్తున్నది. ఇది సామాన్యమైన లాభం కాదు. కాని చూచినదానిని గూర్చి ఒకరినొకరం ప్రశ్నించుకొనుట లేదు. "ఇంత చూస్తివి, ఎవరినేమి అడిగితివి?" అని నాన్నగారు అడిగిన ప్రశ్నకు నా వద్ద సమాధానం లేకపోయినది.

కనుక కళాశాల కమిటీ వారికొక విన్నపం. వారానికొకమారు ఒక మంచి శాస్త్రీయ కార్యక్రమమును అందరము కలిసి చూచి, పిమ్మట అరగంటసేపు ఉర్దూలోనో తెలుగులోనో చర్చించుకొను ఏర్పాటు చేయగోరుతున్నాను. మిత్రులారా! చూచుటకు తెర చాలును. తెలుసుకొనుటకు తోటివారు కావలెను.