వత్తు కనబడే తెర

ఆంగ్లాక్షరం తెరమీద కాస్త మసకబారినా చదువరి నెట్టుకొని పోగలడు. తెలుగు అట్లు కాదు. అక్షరం క్రింద వత్తు, దాని ప్రక్కన మరొక వత్తు. ద, థ, ధల భేదమంతా ఒక చుక్కలోనో చిన్న గీతలోనో ఉన్నది. మసకలో మొదట మాయమయ్యేది అదే.

మా పాండూరు ప్రాంతంలో పిల్లలకు తెలుగు అక్షరం బడిలో తప్ప కంటబడదు. అంగడి పలకలు, బస్సు పలకలు అన్నీ తమిళమే. కనుక బడిలో కనబడే అక్షరమైనా నిండుగా ఉండవలెను.

నా ల్యాప్‌టాప్ 2013 నాటిది. దాని తెర 1366×768, అనగా పదిన్నర లక్షల చుక్కలు. తరగతికై తెచ్చిన మానిటరు 3840×2160, సుమారు 83 లక్షలు. తగిలించగానే బొమ్మ వచ్చినది. అక్షరం పెద్దదయినదే గాని తేటపడలేదు. 'స్వాతంత్ర్యం'లో రవత్తు, యవత్తు కలిసి నల్లని ముద్ద. ఏడవ తరగతి అమ్మాయి 'స్వాతంత్రం' అని వ్రాసికొన్నది. కనబడినదే వ్రాసినది పాపం!

రెండు తెరలపై ఒకే బొమ్మ చూపుమన్నప్పుడు యంత్రం రెండింటికీ కుదిరే కొలతను, అంటే సాధారణంగా చిన్నదాని కొలతనే, ఎన్నుకొంటుంది. దానిని సాగదీసి పెద్ద తెర నింపుతుంది. విండోస్ మీటతో 'పి' నొక్కి, రెండవ తెర మాత్రమే చాలునన్నాను. వత్తులు విడివడినవి. అక్షరం మరీ చిన్నదయినదని తెర కొలత తగ్గించరాదు. అట్లు చేస్తే మసక తిరిగి వస్తుంది. స్కేలింగును 200 శాతం చేయవలెను.

ఇక కేబుల్ సంగతి. 15 సూదుల విజిఎ కేబుల్‌లో అంచులు పలచబడతాయి. హెచ్‌డిఎంఐ ఉంటే అదే మేలు. పాత 1.4 రకం ఇంత పెద్ద బొమ్మను సెకనుకు 30 మార్లే పంపగలదు. చెన్నై రిచీ వీధిలో ఒక అంగడివారు "60 రాదు సార్, కొత్త ల్యాప్‌టాప్ కొనండి" అన్నారు. ఆటలాడేవారికి ఆ మాట సరే. మౌస్ బాణం కాస్త కుంటుతుంది, అంతే. పద్యం కదలదు గదా!

2011 సెప్టెంబరులో తిరువళ్లూరు ప్రక్కన కాక్కలూరులో ప్రభుత్వం పంచనారంభించిన కాలపు ల్యాప్‌టాప్‌లు కొందరి ఇండ్లలో ఇంకా ఉండవచ్చు. ఆనాటి ఇంటెల్ చిప్పులు హెచ్‌డిఎంఐ పైన 1920×1200 దాటవు. వాటికి 1920×1080 పెట్టుకొంటే చాలు, చదువుకు పనికివస్తుంది.

స్కాను చేసిన పాత వాచకాలకు మాత్రం ఈ వైద్యం పనిచేయదు. కాగితంపై ముద్దగా ఉన్న వత్తు 83 లక్షల చుక్కలలోనూ ముద్దే. వాటిని సాయంత్రాలలో తిరిగి టైపు చేస్తున్నాను. ఆరవ తరగతి పద్యభాగం పూర్తయినది.