మూర్ధన్యాలు

మన వర్ణమాల అక్షరాలను పుట్టినచోటును బట్టి వరుసపెట్టింది. కంఠంలో క వర్గం, అంగిలి మీద చ వర్గం, నాలుక కొనను వెనక్కి మడిచి అంగిలి పైభాగాన ఆనిస్తే ట వర్గం, దంతాల వద్ద త వర్గం, పెదవులపై ప వర్గం. చిన్ననాడు వల్లించిన ఈ వరుసలోని మర్మం నాకు నలభై తొమ్మిదో ఏట కిల్కెన్నీలో బోధపడింది.

మూడు వారాలు దాటినా మానని పుండును వైద్యులకు చూపించుకోవాలి. నాలుక కుడి అంచున నాకున్న అటువంటి పుండు తొలి దశ క్యాన్సరని తేలింది. డబ్లిన్‌లో ఆ మేరకు నాలుకను కోసి, మెడలోని లింఫు గ్రంథులను కూడా తీశారు. మెడ ఎందుకంటే, కారణం ముంబయిలో ఉంది. టాటా మెమోరియల్ ఆసుపత్రి వైద్యులు 2015లో ప్రచురించిన పరిశోధనలో, గ్రంథులను ముందే తీసినవారిలో 80 శాతం మంది మూడేళ్ల తరువాత జీవించి ఉన్నారు. వ్యాధి మెడకు పాకితేనే తీద్దామని వేచిచూసినవారిలో 67.5 శాతం. మన దేశపు రోగులు నేర్పిన పాఠం ఇక్కడ నన్ను కాచింది. దానికి మూల్యంగా కుడి భుజం ఇప్పటికీ పూర్తిగా పైకి లేవదు.

భోజనం నేననుకున్నంత కష్టం కాలేదు. రుచి నిలిచింది. పులిహోర మెతుకులు మాత్రం దవడ పక్కన చిక్కుకుంటాయి, పెరుగన్నం సుఖం.

అసలు లోటు మాటలో ఉంది. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం రూపొందించిన ప్రశ్నపత్రం ఒకటి నాచేత నింపించారు. నొప్పి, నమలడం, భుజం, లాలాజలం, దిగులు వంటి పన్నెండు అంశాలు. మాట గురించి అడిగేది, ఫోనులో మీ మాట అర్థమవుతుందా అని. ఆఫీసు ఫోనులో నా ఆంగ్లం చక్కగా అర్థమవుతుంది. అమ్మకు ఫోను చేస్తే రెండుసార్లు చెప్పవలసి వస్తుంది. ఆంగ్లానికి ళ, ణలతో పనిలేదు. తెలుగుకు అవి లేనిదే గడవదు. మచ్చకట్టిన నాలుక వెనక్కి మడవదు గనుక నా నోట ‘ఇళ్లు’ ‘ఇల్లు’గా, ‘కళ’ ‘కల’గా మారిపోయాయి. సహస్రనామం రెండో నామమే ‘విష్ణు’ అని వేరే చెప్పనక్కరలేదు.

ఆదివారం తెలుగు తరగతి మానేద్దామనుకున్నాను. మాననివ్వనిది పిల్లలే. ఇక్కడ పుట్టిన వారికీ ళ పలకదు. ఇప్పుడు అందరం చేతి అద్దాలు పట్టుకుని కూర్చుంటున్నాం. “ఇంకొంచెం వెనక్కి మడవండి, గురువుగారూ,” అని ఏడేళ్ల పాప నన్ను సరిదిద్దుతుంది. ‘నీళ్లు’ పదిసార్లలో ఏడుసార్లు నీళ్లుగానే వస్తోంది. ‘కృష్ణ’ ఇంకా రాలేదు.