అక్క వేసిన లెక్క

మేము ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్స్‌లో ఉంటాం. అక్క మేదినీపూర్‌లోని విద్యాసాగర్ విశ్వవిద్యాలయంలో ఎం.కామ్. చదువుతోంది. రోజూ లోకల్‌లో కంసావతి నది దాటి వెళ్ళొస్తుంది. రెండు సెమిస్టర్లు అయ్యాయి, ఇంకా రెండున్నాయి.

ఇంతలో నాన్నకి చక్రధర్‌పూర్ బదిలీ అయింది. "మానేస్తే కట్టిన ఫీజంతా దండగ. హాస్టల్లో ఉండి చదువుకో" అన్నారు నాన్న.

"కట్టిన డబ్బు చదివినా రాదు, మానేసినా రాదు నాన్నా. ఇకపై అయ్యే ఖర్చు, ఇకపై వచ్చే లాభం, ఈ రెండే చూడాలి" అంది అక్క. కంపెనీలు కొత్త యంత్రం కొనేముందు ఇలాగే లెక్కేస్తాయట. పైగా రేపటి రూపాయి నేటి రూపాయి కన్నా తక్కువట. పది శాతం వడ్డీ అయితే, ఏడాది తర్వాత వచ్చే 110 రూపాయలు ఈరోజు 100తో సమానం.

కాగితం మీద ఒకవైపు హాస్టల్, మెస్ ఖర్చు, మరోవైపు రాగల జీతం రాసింది. అమ్మ అది చూసి, "మరి నీ మీద బెంగ ఎటువైపు రాస్తావే?" అంది. అక్క కాసేపాగి ఖర్చు వైపే రాసింది, అంకె వేయకుండా. అమ్మ కళ్ళు తుడుచుకుని, "సరే, ఉండు" అంది.

ప్రతి బదిలీలో మనకూ స్నేహితులు, బడి వెనకే ఉండిపోతాయి. వాళ్ళని తలచుకుందాం. కానీ కొత్త ఊళ్ళో ఏం చేయాలో మాత్రం ముందున్నది చూసే నిర్ణయించుకుందాం.