వాకిలి తీసి పెట్టింది నేనే

కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిక చేసుకుని చదవండి. ఇందులో మీ ఇంటి సంగతి కూడా ఉంది.

పోయిన నెల ఒక సాయంత్రం మా వీధి పిల్లోడు ఇంటికొచ్చినాడు. బెంగళూరులో కంప్యూటర్ చదువు, రోజూ హోసూరు నుంచి బస్సులో పోయి వస్తాడు. "మామా, మన సంఘం సభ్యుల పట్టీ ఎవరు నొక్కినా తెరుచుకుంటోంది" అని ఫోన్ చూపించినాడు. బాగలూరు, బేరికె, శూలగిరి, వేపనపల్లి, డెంకణీకోట, అన్ని ఊర్ల కుటుంబాలూ ఉన్నాయి. పేరు, ఫోన్ నంబరు, పుట్టిన తేదీ, గోత్రం, పెండ్లికున్న ఆడపిల్లల వివరాలు.

నాకు మొదట వచ్చింది కోపమే. "హ్యాకింగ్ చేసినావా? నిన్నెవరు చూడమన్నారు? పోలీసులకు చెప్పమంటావా?" అని అరిచినాను. వాడు తలొంచుకుని, "నేనేమీ పగలగొట్టలేదు మామా. ఎవరో పెండ్లి సంబంధాల గ్రూపులో పెట్టిన లింకు నొక్కినా, అంతే. అందులో ఎవరైనా దిద్దను కూడా దిద్దొచ్చు" అనేసి వెళ్ళిపోయినాడు.

రెండేండ్ల కిందట, చందా లెక్కలు రాసుకోవడం సులువని, లింకు ఉన్నవాళ్ళంతా తెరవొచ్చని పెట్టింది నేనే.

ఆ రాత్రి కూర్చుని చదివినాను. మన ఐటీ చట్టం 2000లో వచ్చింది. అనుమతి లేకుండా ఇంకొకరి కంప్యూటర్‌లో దూరితే 43వ సెక్షన్ కింద నష్టపరిహారం కట్టాలి. అదే పని దురుద్దేశంతోనో మోసంతోనో చేస్తే 66వ సెక్షన్, మూడేండ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. అంటే చట్టం కూడా మనసులో ఏముందని అడుగుతుంది. నేను అది కూడా అడగలేదు.

2018లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో లక్షమందికి పైగా ఆధార్ వివరాలు బయటికి కనబడుతున్నాయని హైదరాబాదు పరిశోధకుడు కొడాలి శ్రీనివాస్ చూపించినారు. ఆయన తాళం పగలగొట్టలేదు, తాళమే లేదు. అట్లా చెప్పేవాణ్ణే దొంగలా చూస్తే, రేపు ఇంకో పిల్లోడు చూసి కూడా నోరు మూసుకుంటాడు. దొంగకు కావలసింది అదే కదా!

బేరికె పెద్దాయన ఒకరికి గోత్రంతో సహా చెప్పి, బంధువునంటూ ఎవడో ఓటీపీ అడిగినాడని అప్పట్లో నవ్వుకున్నాం. అది మన పట్టీ నుంచే పోయిందో లేదో చెప్పలేను. కానీ ఇప్పుడు నవ్వు రావడం లేదు.

పట్టీ మూసేసినాం. గోత్రాలు, పుట్టిన తేదీలు తీసేసినాం. అయితే ఎవరెవరు దించుకున్నారో తెలియదు, దాన్ని వెనక్కి తేలేం. గప్‌చుప్‌గా ఉందాం, సంఘం పరువు పోతుందని కమిటీలో ఇద్దరన్నారు. నేను ఒప్పుకోలేదు. మీ వివరాలు మీవి, పోయినాయని తెలుసుకునే హక్కు మీది. సొంతవాళ్ళ పేర్లు చెప్పి ఎవరడిగినా ఓటీపీ ఇవ్వొద్దు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

పిల్లోడి ఇంటికి పోయి తప్పు ఒప్పుకున్నాను. వాళ్ళమ్మ కాఫీ ఇచ్చింది. వాడు మాత్రం "సరే మామా" అన్నాడే గానీ, సంఘం మీటింగుకు ఇంకా రాలేదు.