ఎడమకాలి పోటీ

‘మైదాన్’ సినిమా పుణ్యమా అని సయ్యద్ అబ్దుల్ రహీం ఫుట్‌బాల్ కోచ్‌గా అందరికీ తెలిశారు. హైదరాబాద్‌లో నయాపూల్ దాటి సిటీ కాలేజీ ముందునుంచి వెళ్తుంటే నాకు మాత్రం ఆటగాడు రహీం గుర్తొస్తారు. ఈ కాలేజీ పాత, కొత్త విద్యార్థుల జట్టు ‘ఎలెవెన్ హంటర్స్’లో ఆడారాయన. బతుకుతెరువుకి బడిపంతులు.

1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆయన చేతికొచ్చింది. ఆ ఏడాది మొదలు వరసగా ఐదు రోవర్స్ కప్పులు! నాకైతే కప్పులకన్నా ఆయన పెట్టిన పోటీలే ముచ్చటేస్తాయి. ఒకదాంట్లో వాటంలేని కాలితోనే ఆడాలి. ఇంకోదాంట్లో డ్రిబ్లింగ్ బంద్. బంతి రావడమే ఆలస్యం, పక్కవాడికి ఇచ్చెయ్యాలి. నలుగుర్ని అలవోకగా తప్పించుకుపోయే కుర్రాడికి ఇదెంత శిక్షో ఊహించండి. పుట్టుకతో వచ్చిన విద్యని కాసేపు పక్కన పెట్టమంటే ఎవరికైనా మండదూ? కానీ అప్పుడేగా తోటివాడు ఎక్కడున్నాడో తలెత్తి చూసేది.

మనమేమో పిల్లాడికి ఏది బాగా వచ్చో కనిపెట్టి, పొద్దస్తమానం అదే చేయిస్తాం. చుట్టాలొస్తే మళ్లీ అదే.

రహీం దారి వేరు. ఆయన భారత జట్టు కోచ్‌గా ఉండగా 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచాం. రెండు గోల్స్‌లో ఒకటి జర్నైల్ సింగ్‌ది. ఆయన అసలు డిఫెండర్. తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాక, రహీం సాబే ఆయన్ని ఫార్వర్డ్‌గా దించారు.