దుబాయ్ దగ్గర, ఖని దూరం

కన్నూరు మిత్రుడు పొద్దున దుబాయ్‌లో విమానం ఎక్కాడు. చీకటి పడకముందే అమ్మ వండిన చేపల పులుసు ఫొటో పెట్టాడు. అది చూసిన గోదావరిఖనివాడికి ఒళ్లు మండింది.

దుబాయ్ నుంచి హైదరాబాద్‌కు గాలిలో దాదాపు 2,550 కిలోమీటర్లు. నాలుగు గంటల్లోపు ప్రయాణం. శంషాబాద్ నుంచి ఖనికి రోడ్డు మీద 250 పైచిలుకు, అంటే అందులో పదో వంతు. దానికి ఐదు గంటలు! 2008 దాకా బేగంపేటలో దిగితే కాస్త నయం. శంషాబాద్ వచ్చాక నగరానికి దక్షిణాన దిగి, ఔటర్ చుట్టి, శామీర్‌పేట దగ్గర రాజీవ్ రహదారి ఎక్కితేగానీ ఇంటి దారి పట్టినట్టు కాదు. జగిత్యాల, సిరిసిల్ల గల్ఫోళ్లదీ ఇదే గోస.

అసలు మంట బసంత్‌నగర్ దగ్గర. సిమెంటు ఫ్యాక్టరీ కోసం వేసిన రన్‌వే అక్కడుంది. 1980లలో వాయుదూత్ చిన్న విమానాలు దిగిన చోటు. తెలంగాణలో కొత్త విమానాశ్రయాలంటూ జాబితా చదివినప్పుడల్లా ఆ పేరు వస్తూ వచ్చింది. విమానం మాత్రం రాలేదు. ఖనివాడు కారు కిటికీలోంచి అటు చూస్తాడు, డ్రైవర్‌కు మొత్తం కథ చెబుతాడు. ప్రతిసారీ చెబుతాడు.

కేరళకు నాలుగు అంతర్జాతీయ విమానాశ్రయాలు. కన్నూరుది 2018లో వచ్చింది. వాళ్ల పట్టుదల మెచ్చుకోవాల్సిందే. అయినా మనవాడు ఊరుకోడు: ‘మీ ఇళ్లల్లో లైట్లకు మా బొగ్గు కావాలి. రామగుండం ఎన్టీపీసీ 2,600 మెగావాట్లు, అందులో మీకూ వాటా ఉంది.’ మిత్రుడు నవ్వి, కొచ్చి విమానాశ్రయం 2015 నుంచీ సౌరవిద్యుత్తు మీదే నడుస్తోందన్నాడు. ఇంకేం మాట్లాడతాడు!

అప్పుడే బొగ్గుబాయిలో పనిచేసిన బాపు గుర్తొస్తాడు. మనుషుల్ని లోపలికి మోసే మ్యాన్‌రైడింగ్ రాకముందు బాయి దిగి పని జాగకు చేరాలంటే వాలులో నడకే. నడుముకు కట్టిన క్యాప్‌ల్యాంపు బ్యాటరీ ఒరుసుకుని బెల్టు కింద చర్మం నల్లగా కాయ కట్టింది. ‘ఎంత దూరం నడిచినవ్ బాపూ?’ అంటే, ‘మస్టరు పడ్డంక ఎంత నడిచినా డ్యూటీయే గదరా’ అనేవాడు. కొడుకు రోడ్డు మీద గడిపే గంటలకు ఆ మస్టరు కూడా లేదు. అవి సెలవులోంచే పోతాయి. పోను ఒకరోజు, రాను ఒకరోజు. విమానం పొద్దున్నే ఉంటే ముందు రాత్రే ఖని చౌరస్తాలో కారెక్కాలి. అవ్వ అన్నం కలిపిన చేత్తోనే బ్యాగు జిప్పు వేస్తుంటుంది.

ఈసారి దసరాకు టికెట్ తీశానని ఫోన్ చేశాడు. బాపు విమానం టైం అడగలేదు. ‘సుల్తానాబాద్ దాటేసరికి ఎన్నయితది?’ అన్నాడు.