పదకొండో సినిమా

లండన్ నుంచి వచ్చే ‘సైట్ అండ్ సౌండ్’ పత్రిక 1952 నుంచీ పదేళ్లకోసారి ప్రపంచ ఉత్తమ చిత్రాల పట్టిక వేయిస్తోంది. మొదటిసారి ‘బైసికిల్ థీవ్స్’కి పట్టం కట్టారు. 1962 నుంచి ఐదు విడతలు ‘సిటిజన్ కేన్’ కుర్చీ దిగలేదు. 2012లో హిచ్‌కాక్ ‘వెర్టిగో’ దాన్ని దించింది. 2022లో బెల్జియం దర్శకురాలు శాంటల్ ఆకర్మాన్ 1975లో తీసిన ‘ఝాన్ దీల్మాన్’ ముప్పై ఆరో మెట్టు మీంచి ఒక్క గెంతులో పైకొచ్చి కూర్చుంది. ఈ పదేళ్లలో ఆ సినిమాలో ఒక్క ఫ్రేమూ మారలేదు. ఓటర్లు మాత్రం 846 మంది కాస్తా 1,639 మంది అయ్యారు.

హాలీవుడ్ దర్శకుడు పాల్ ష్రేడర్ ఈ గెంతుతో పట్టిక పరువే పోయిందని బాహాటంగా విసుక్కున్నాడు. పి.గన్నవరం సెంటర్లో టీ తాగుతూ ఆ మాట చెబితే మా మాస్టారు ఇంకో అడుగు ముందుకేశారు. “మూడు గంటల ఇరవై నిమిషాలు ఆ సినిమాలో ఇల్లాలు బంగాళాదుంపలు ఒలుస్తుంటే టిక్కెట్టు కొని చూడాలాండీ? మా ఇంట్లో రోజూ ఊరికే ఆడుతుందండి, ఆయ్!”

నవ్వొచ్చింది గానీ ఒప్పుకోలేదు. ఇంట్లో రోజూ ఆడేదాన్ని మనం తలెత్తి చూడం కాబట్టే ఆకర్మాన్ కెమెరా అక్కడ పెట్టి కదలనంది. కథలో రెండో రోజు దుంపలు ఉడికిపోయి పాడైతే, ఆ ఇల్లాలు గిన్నె పట్టుకుని ఏం చెయ్యాలో తోచక వంటింట్లోంచి స్నానాలగదికీ, అక్కణ్ణించి మళ్లీ వంటింట్లోకీ తిరుగుతుంది. అంతే. సుమోలు పేలే మన క్లైమాక్సుల్లో నాకంత గుండెదడ ఎప్పుడూ రాలేదు.

నా పేచీ లెక్కింపు మీద. ఒక్కొక్కరు పది పేర్లు పంపుతారు, ముందూ వెనకా లేదు, పేరుకో ఓటు. అందరికీ పదకొండో సినిమాగా నచ్చినదానికి సున్నా. మన ‘మాయాబజార్’ తొలి వందలో ఎక్కడా లేదు. ‘వెర్టిగో’ కంటే ఏడాది ముందే, 1957లో వచ్చిన సినిమా అది. 2022 నాటి ఆ వందలో మన దేశం నుంచి ఉన్నది ముప్పై ఐదో స్థానంలో ‘పథేర్ పాంచాలి’ ఒక్కటే. 2013లో సీఎన్ఎన్-ఐబీఎన్ ప్రేక్షకుల ఓటింగ్‌లో ‘మాయాబజార్’ దేశంలోకెల్లా గొప్ప సినిమాగా గెలిచింది నిజమే. మనవాళ్లు పట్టుబట్టి ఓట్లేశారేమోనన్న అనుమానం నాకు లేకపోలేదు. గెలిచాక ఎవరడుగుతారు!

‘మాయాబజార్’లో పెళ్లిపీటల మీద మాయా శశిరేఖ లక్ష్మణ కుమారుడి కాలు తొక్కేచోట చూడండి. ముఖంలో పెళ్లికూతురి సిగ్గు, కాల్లో ఘటోత్కచుడి బలం. ఆ క్షణాన ఎస్వీ రంగారావు తెర మీద లేడు, సావిత్రి భుజాల్లో ఉన్నాడు. అదే సన్నివేశాన్ని ఎవరో విమర్శకుడు తన గదిలో ఒక్కడే కూర్చుని చూస్తే సగమే అందుతుంది. లక్ష్మణ కుమారుడి వేషంలో రేలంగి ‘అబ్బా’ అనబోతున్నాడని హాలంతా ముందే తెలిసి కాచుకుని ఉంటుంది చూడండి, మిగతా సగం అక్కడుంది. శశిరేఖ పెళ్లి వ్యాసుడి భారతంలో లేదు. సినిమాకి ముందే సురభి వాళ్ల నాటకంలో ఉంది, జనం నోట ఉంది. ఆ ఎదురుచూపుకి ఏ పట్టికలోనూ గడి లేదు.

మన తొలి తెలుగు టాకీ, 1932 నాటి ‘భక్త ప్రహ్లాద’కైతే ప్రింటే మిగల్లేదు. దానికి ఏ స్థానం ఇస్తారు?

నన్నడిగితే నా పదిలో ‘ఝాన్ దీల్మాన్’ ఉంటుంది, ‘మాయాబజార్’ ఉంటుంది, 1967లో బాపు మన పులిదిండిలో తీసిన తొలి సినిమా ‘సాక్షి’ కూడా ఉంటుంది. అది కోనసీమ మమకారమే, దాచను. ఆ ఓటర్లకు మాత్రం సొంత ఊళ్లు లేవా ఏంటి? మాస్టారూ పట్టిక రాశారు. ఎనిమిది ఎన్టీఆర్‌వట, రెండు సావిత్రివట. ‘మాయాబజార్’ని ఎవరి ఖాతాలో వేశారండీ అని అడిగాను. ఇంకా తేల్చలేదు.